తిట్టాల్సింది ఫ్రీజర్‌ని కాదు

ఫ్రోజెన్ ఫ్రైస్ మీద జనం చేసే ఫిర్యాదులు నాకు దాదాపు కంఠతా వచ్చేశాయి. అది అసలు బంగాళాదుంపే కాదట, పిండి ముద్దను అచ్చు పోస్తారట. నెలల తరబడి పాడవకుండా ఉందంటే లోపల ఏం కలిపారో ఎవరికి తెలుసు అంటారు. దుంప కోసి వేయించుకుంటే పోయేదానికి ఈ గడ్డకట్టిన పుల్లలెందుకు అంటారు. ఈ మాటలు అనేవాళ్లలో చాలామంది ఆ పుల్లల్ని ఇష్టంగానే తింటారు, అది వేరే సంగతి.

ఈ ఫ్రైస్ చేసే కంపెనీల మీద నాకూ కోపం ఉంది. కానీ అది ప్యాకెట్ లోపల ఉన్నదాని గురించి కాదు. ఫ్యాక్టరీలో జరిగే పని చాలా తెలివిగా జరుగుతుంది, చాలావరకు నిజాయితీగానే జరుగుతుంది. తిరకాసంతా ఫ్యాక్టరీ గేటు దగ్గర, దుంపల లారీని తూకం వేసే చోట ఉంది. మనం మాత్రం లోపలి మిషన్లను తిట్టుకుంటూ కూర్చున్నాం. దాంతో అసలు అడగాల్సిన ప్రశ్న అడిగేవాళ్లే లేకుండా పోయారు.

ముందు ప్యాకెట్ సంగతి తేల్చేద్దాం. ఫ్రీజర్‌లోంచి గుప్పెడు పుల్లలు తీసి వెలుతురులో పెట్టి చూడండి. అంచులన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. కానీ వాటిలో కొన్నింటికి ఒక కొన ఏటవాలుగానో గుండ్రంగానో ఉంటుంది. అది దుంప చివరి భాగం, తొక్క తీసిన చోటి ఒంపు. పిండి ముద్దను అచ్చు పోస్తే ఆ ఒంపు రాదు. వేలితో తడిమితే పైన సన్నటి గరుకు తగులుతుంది, ఎందుకంటే ఆ పుల్ల ఇప్పటికే ఒకసారి నూనెలో మునిగి వచ్చింది. మధ్యకు విరిస్తే లోపల మామూలు దుంపే, కంటికి ఆనీ ఆనని మంచు పలుకులతో.

అచ్చు పోసిన సరుకు కూడా ఉంది, అందులో దాపరికమేమీ లేదు. అమెరికాలో ఓర్‌ఐడా కంపెనీ పెట్టిన గ్రిగ్ సోదరులకు ఫ్రైస్ కోయగా మిగిలే చిన్నాచితకా ముక్కలు పెద్ద తలనొప్పిగా ఉండేవి. వాటిని పశువులకు వేసేవాళ్లు. 1953లో ఆ ముక్కల్నే ఇంకా సన్నగా తరిగి, కాస్త పిండీ మసాలా కలిపి, రంధ్రాల్లోంచి నొక్కి వేయించి చూశారు. టేటర్ టాట్స్ అనే చిన్న చిన్న దుంప ముద్దలు అలా పుట్టాయి. మొదట్లో మరీ చవగ్గా పెడితే ఎవరూ ముట్టుకోలేదట, ధర పెంచాక ఎగబడ్డారట. మార్కెటింగ్ గురించి చదివిన పాఠాలన్నిటికంటే ఈ ముక్కే నాకు బాగా గుర్తుంది.

ఇక పేర్లు చూస్తే భయమేసే పదార్థాలు. చాలా ప్యాకెట్ల మీద దుంపలు, నూనె, ఆ తర్వాత డెక్స్‌ట్రోజ్, డైసోడియం ఏదో ఫాస్ఫేట్ అని ఉంటుంది. ఉడికించిన దుంపను కాసేపు బయట ఉంచితే బూడిద రంగులోకి తిరగడం వంట చేసే ఎవరైనా చూసే ఉంటారు. దుంపలో ఉన్న ఇనుము, క్లోరోజెనిక్ ఆమ్లం అనే మరో పదార్థం కలిసి గాలి తగలగానే ఆ రంగు వస్తుంది. ఫాస్ఫేటు ఆ ఇనుమును పట్టి ఉంచుతుంది, రంగు మారదు. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. పుల్లలన్నీ ఒకే బంగారు రంగులో వేగడం కోసం పలచటి ద్రావణంలో ముంచి తీస్తారు. ఈ రెండూ రంగు కోసమే. నిల్వ కోసం ఏమీ కలపనక్కర్లేదు, మైనస్ 18 డిగ్రీల చలి ఆ పని చేసిపెడుతుంది. ఆ చలిలో సూక్ష్మజీవులు పెరగవు.

అలాగని ఫ్రైస్ ఆరోగ్యానికి మంచివని నేను అనడం లేదు. నూనెలో వేయించిన పిండి పదార్థం ఇంట్లో చేసినా, ఫ్యాక్టరీలో చేసినా అదే. నిజంగా జాగ్రత్త పడాల్సింది అక్రిలమైడ్ అనే హానికర రసాయనం విషయంలో. దుంపలో ఉండే ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు బాగా వేడెక్కినప్పుడు కలిసి ఇది తయారవుతుంది. వేయించిన దుంపల్లో ఇది ఉందని 2002లో స్వీడన్ ఆహార సంస్థ, స్టాక్‌హోమ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 2018 ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో దీన్ని తగ్గించే పద్ధతులు పాటించడం తప్పనిసరి. ఫ్రైస్‌కు కిలోకు 500 మైక్రోగ్రాములు అనే ప్రమాణం కూడా పెట్టారు. ఇది గడ్డకట్టించడం వల్ల వచ్చేది కాదు. మాడేదాకా వేయిస్తే ఇంటి దుంపలోనూ వస్తుంది. ఇంకో సంగతి, ఏ దుంపలో చక్కెర ఎంతుందో కొలిచి చూసి, ఎక్కువున్నదాన్ని పక్కన పెట్టేది ఫ్యాక్టరీయే. ఇంట్లో మనం ఆ పని చేయం.

దుంపను గడ్డకట్టించడం మొదట్లో ఎవరికీ చేతకాలేదు. దుంపలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. పచ్చి దుంపను ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పిండితే నీళ్లు కారే ముద్దవుతుంది. నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు పెద్దవిగా పెరిగి కణాల గోడల్ని చీల్చేస్తాయి. 1940ల్లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో జె.ఆర్. సింప్లాట్ కంపెనీలో పనిచేసే రే డన్‌లప్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ ఆలోచన చెబితే సింప్లాట్‌కు నమ్మకం కుదరలేదు, ముద్దయిపోతుంది కదా అన్నాడు. యుద్ధకాలంలో సైన్యానికి ఎండబెట్టిన ఉల్లి, ఎండబెట్టిన దుంప అమ్మి డబ్బు చూసిన మనిషి, కొత్త ప్రయోగాలంటే భయపడే రకం కాదు, అయినా సందేహించాడు. డన్‌లప్ పట్టు వదల్లేదు. ముందు కొంచెం ఉడికించి, కొంచెం వేయించి, నీరు తగ్గించి, ఆపైన గబగబా గడ్డకట్టిస్తే పలుకులు చిన్నవిగానే ఉండిపోతాయని తేలింది. 1960ల్లో సింప్లాట్, మెక్‌డొనాల్డ్స్ నడిపే రే క్రాక్ చేయి కలుపుకుని ఫ్రోజెన్ ఫ్రైస్ సరఫరాకు ఒప్పందం చేసుకున్నారు. అప్పటిదాకా ప్రతి హోటల్లో ఒకడు కూర్చుని తొక్క తీసి కోసేవాడు. ఆ పని అక్కడ మాయమై ఫ్యాక్టరీకి వెళ్లింది.

ఫ్యాక్టరీలో ఆ పని ఎలా సాగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. తొక్క తీయడానికి కత్తి ఉండదు. దుంపల్ని ఒక పాత్రలో మూసి, బాగా ఒత్తిడి మీదున్న ఆవిరిని కొన్ని సెకన్లు పట్టించి, ఒక్కసారిగా ఒత్తిడి వదిలేస్తారు. తొక్క కింద ఉన్న తేమ ఆవిరై ఉబ్బి తొక్క ఊడివస్తుంది. కోయడం ఇంకా చిత్రం. దుంపను నీటి ప్రవాహంలో పడేసి, గొట్టంలో గంటకు 100 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తోసి, ఎదురుగా గళ్లుగా బిగించిన బ్లేడ్ల మీదికి కొడతారు. గొట్టంలో దుంప దానంతటదే పొడవుగా తిరిగి సర్దుకుంటుంది, కాబట్టి పుల్లలు పొడవుగా వస్తాయి. లాంబ్ వెస్టన్ అనే అమెరికా ఫ్రైస్ కంపెనీ వ్యవస్థాపకుడు గిల్బర్ట్ లాంబ్ 1960లో కనిపెట్టిన పద్ధతి ఇది. ముందుగా కార్లు పెట్టుకునే స్థలంలో ఫైర్ ఇంజిన్ గొట్టంతో దుంపల్ని చిమ్మించి చూశాడని చెబుతారు. పక్కవాళ్లు ఏమనుకుని ఉంటారో!

అక్కడి నుంచి కెమెరాల కిందికి. పుల్ల మీద నల్ల మచ్చ కనిపిస్తే మిషన్ గాలి ఊది పక్కకు నెట్టేస్తుంది, కొన్ని మిషన్లయితే పుల్లంతా పారేయకుండా మచ్చ ఉన్న ముక్క మటుకు కోసేస్తాయి. తర్వాత వేడి నీళ్లలో ఉడుకుతాయి. అక్కడ ఎక్కువైన చక్కెర నీళ్లలోకి దిగిపోతుంది, నల్లబరిచే ఎంజైములు చచ్చిపోతాయి. ఆరబెట్టి, నూనెలో ఒక నిమిషం అటూ ఇటుగా వేయించి, నూనె దులిపి, మైనస్ 35 డిగ్రీలకు అటూ ఇటుగా ఉండే గాలిలోకి పంపుతారు. కిలో ఫ్రైస్‌కు ఇంచుమించు రెండు కిలోల దుంపలు పడతాయి. తొక్కలు పశువులకో బయోగ్యాస్‌కో పోతాయి. కోసిన నీళ్లలో మిగిలే పిండిని కూడా వడకట్టి అమ్ముకుంటారు. పారేసేది దాదాపు ఏమీ ఉండదు.

ఈ లైనులో ఏ మిషన్ తీసుకున్నా అది చేసే పని ఒక్కటే, తేడాలు చెరిపేయడం. ఎక్కువ తీపి ఉన్న దుంప, తక్కువ తీపి ఉన్న దుంప ఒకే రంగులో వేగాలి. అక్టోబరులో తవ్విన దుంప, ఏడెనిమిది నెలలు గోదాములో ఉన్న దుంప ఒకే రుచి ఇవ్వాలి. ఈ కంపెనీలు అమ్మేది దుంపల్ని అని నేను అనుకోవడం లేదు. ఎక్కడ తిన్నా, ఎప్పుడు తిన్నా నిన్నటిలాగే ఉంటుందన్న హామీని అమ్ముతున్నాయి. హోటల్ గొలుసులు డబ్బు కట్టేది దానికే.

భూమి లోపల పెరిగేదేదీ అలా ఉండదు. వానొస్తుంది, రాదు. ఎండ ముదురుతుంది. ఈ తేడాల్లో కొన్నిటిని మిషన్ చెరిపేస్తుంది, మిగతావి చెరపడం దాని వల్ల కాదు. ఆ మిగతా తేడాల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? నా గొడవంతా ఇక్కడే.

మెకెయిన్ ఫుడ్స్ కథ చెబితే ఇది అర్థమవుతుంది. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రం, సెయింట్ జాన్ నది ఒడ్డున ఫ్లోరెన్స్‌విల్ అనే చిన్న ఊరు. కంపెనీ పెట్టిన మెకెయిన్ సోదరుల నాన్న విత్తన దుంపలు విదేశాలకు ఎగుమతి చేసేవాడు. 1957లో హ్యారిసన్, వాలెస్ అనే తమ్ముళ్లిద్దరూ, ఆండ్రూ, రాబర్ట్ అనే అన్నలిద్దరి అండతో, ముప్పై మంది పనివాళ్లతో ఫ్రోజెన్ ఫ్రైస్ ఫ్యాక్టరీ తెరిచారు. ఇప్పుడు 160కి పైగా దేశాల్లో అమ్ముతున్నారు, ప్రపంచంలో తినే ప్రతి నాలుగు ఫ్రైస్‌లో ఒకటి తమదేనని కంపెనీ చెప్పుకుంటుంది. ఫ్లోరెన్స్‌విల్ కూడా తనను తాను ప్రపంచ ఫ్రెంచ్ ఫ్రై రాజధాని అని పిలుచుకుంటుంది, అంత చిన్న ఊరికి ఆ మాత్రం గొప్పలు ఉండాల్సిందే. బ్రిటన్‌లో 1979లో ఓవెన్ చిప్స్ తెచ్చింది వీళ్లే, మూకుడు నిండా నూనె కాచే బాధ తప్పించారు. (అన్నదమ్ములు తర్వాత వారసత్వం దగ్గర కొట్టుకుని, 1994లో వాలెస్‌ను పదవి నుంచి తప్పించారు. ఆయన మరుసటేడే మేపుల్ లీఫ్ ఫుడ్స్ అనే మరో ఆహార కంపెనీని కొనుక్కున్నాడు. అదంతా మరో పెద్ద కథ.)

ఈ కంపెనీ దుంపలు కొని ఊరుకోలేదు. విత్తనం, ఎరువు, లారీలు, ఒక దశలో పొలం యంత్రాలు కూడా సొంత సంస్థల ద్వారా అమ్మింది. లారీల సంస్థ డే అండ్ రాస్ ఇప్పటికీ వాళ్లదే. అంటే ఆ లోయలో ఒక రైతు కంపెనీ దగ్గర విత్తనం కొని, కంపెనీ ఎరువు వేసి, కంపెనీ లారీలో ఎక్కించి, కంపెనీకే దుంప అమ్మే రోజులు ఉన్నాయి. 1970ల నుంచే రైతు సంఘాలు దీన్ని ఎత్తి చూపుతూ వచ్చాయి. వ్యాపార తెలివి అంటే అదేనని ఎవరైనా అంటే నేను కాదనను. అవతల రైతు పరిస్థితి చూడమంటాను, అంతే. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకడే అయినప్పుడు బేరం అనే మాటకు అర్థం లేదు.

దుంప వైపు నుంచి కూడా చూడాలి. ఉత్తర అమెరికాలో ఫ్రైస్ అంటే ఎక్కువగా రస్సెట్ బర్బ్యాంక్ రకం. 1870ల్లో లూథర్ బర్బ్యాంక్ పెంచి 150 డాలర్లకు అమ్ముకున్న దుంప నుంచి వచ్చిన రకం ఇది. పొడవుగా ఉంటుంది, గట్టి పదార్థం ఎక్కువ, నూనె తక్కువ పీలుస్తుంది. ఫ్యాక్టరీకి అంతకంటే ఏం కావాలి? రైతుకు మాత్రం ఇది గారాబం పిల్లాడి లాంటిది. పంట కాలం పొడుగు, నీళ్లు ఎక్కువ, నత్రజని ఎక్కువ, తెగుళ్లు తేలిగ్గా తగులుకుంటాయి. మధ్యలో కొన్ని రోజులు నీరు తగ్గినా, ఎండ ముదిరినా దుంప ఒక కొనలో చక్కెర పేరుకుపోతుంది. పచ్చిగా చూస్తే తెలియదు, వేయిస్తే ఆ కొన నల్లగా మాడుతుంది. చలి సీమలకు పనికొచ్చేలా త్వరగా చేతికొచ్చే షెపొడీ అనే రకాన్ని కెనడా ప్రభుత్వ పరిశోధకులు న్యూ బ్రన్స్‌విక్‌లోనే తయారు చేసి 1980లో విడుదల చేశారు. దాని మీద పెట్టింది జనం సొమ్మని గుర్తుంచుకోవాలి.

తవ్విన తర్వాత కూడా టెన్షన్ తప్పదు. గోదాములో మరీ చల్లగా పెడితే దుంపలోని పిండి చక్కెరగా మారి ఫ్రైస్ నల్లగా వేగుతాయి. వెచ్చగా పెడితే మొలకలొస్తాయి. అందుకే 7, 8 డిగ్రీల దగ్గర గాలి, తేమ చూసుకుంటూ నెలల తరబడి కాపలా కాయాలి. దశాబ్దాలుగా మొలకల్ని ఆపడానికి వాడిన క్లోర్‌ప్రోఫామ్ అనే మందును యూరోపియన్ యూనియన్ 2020 అక్టోబరు నుంచి పూర్తిగా ఆపేసింది. ఆ నిర్ణయం సరైనదే అయి ఉండొచ్చు. ప్రత్యామ్నాయాలు ఖరీదెక్కువ, ఆ ఖర్చు ముందుగా పడింది గోదాము ఉన్నవాడి మీద. చాలా చోట్ల గోదాము రైతుదే.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. నాకు బాగా తెలిసిన ఒకాయన ఇలాంటి ఒక ఫ్యాక్టరీలో శాంపిళ్లు చూసే చోట కొంతకాలం పనిచేశాడు. ఆయన చెప్పిందాన్ని బట్టి అక్కడ జరిగేది ఇది. లారీ వస్తుంది, లోడులోంచి ఒక బుట్టెడు దుంపలు తీస్తారు. మట్టి కడిగి, పోయిన బరువెంతో చూసి అంత తరుగు తీస్తారు. తరువాత అదే బుట్టను ఒకసారి గాలిలో తూచి, మళ్లీ నీళ్లలో వేలాడదీసి తూస్తారు. ఆ రెండు తూకాల తేడా నుంచి దుంపలో గట్టి పదార్థం ఎంతో లెక్క కడతారు. కొన్నిటిని మధ్యకు కోసి లోపల బోలు ఉందా, కమిలిందా చూస్తారు. కొన్ని పుల్లలు వేయించి రంగుల కార్డు పక్కన పెడతారు. పెద్ద దుంపల శాతం ఎంత, పచ్చబడినవి ఎంత, అన్నీ కాగితం మీదికెక్కుతాయి. దాన్ని బట్టి బోనస్ కలుస్తుంది, లేదా కోత పడుతుంది. మరీ తేడాగా ఉంటే లోడు వెనక్కి. లారీ మీద ఉన్నది టన్నుల్లో. తీర్పు చెప్పేది ఒక బుట్ట. ఆ బుట్టను తీసేవాడు, తూచేవాడు, కోత వేసేవాడు ముగ్గురికీ జీతం ఇచ్చేది కొనేవాడే. తను చూసినంతలో ఎవరూ మోసం చేయలేదని ఆయన అంటాడు, నేను నమ్ముతాను. కానీ అంత డబ్బు తేలే చోట నమ్మకం మీద బండి నడిపించడం ఏమిటి?

కాంట్రాక్టు రైతును కాపాడుతుందని అంటారు, ఇది కొట్టిపారేసే వాదన కాదు. 2020 వసంతంలో హోటళ్లు మూతపడినప్పుడు బెల్జియంలో ఏడున్నర లక్షల టన్నుల దుంపలు మిగిలిపోయాయి. వారానికి రెండుసార్లు ఫ్రైస్ తినండంటూ అక్కడి దుంపల వ్యాపార సంఘం జనాన్ని బతిమాలుకుంది. కాంట్రాక్టు లేకుండా బహిరంగ మార్కెట్‌ను నమ్ముకున్న దుంపకు విలువే లేకుండా పోయింది. కాంట్రాక్టు ఉన్నవాళ్లకు కనీసం కాగితం మీద ఒక ధర ఉంది. గుజరాత్‌లో మెహ్సానా దగ్గర మెకెయిన్ 2007లో ప్లాంటు పెట్టేముందు కొన్నేళ్లపాటు రైతులతో విత్తనం మీద, డ్రిప్పు, స్ప్రింక్లర్ల మీద పనిచేసింది. నాటడానికి ముందే ధర తెలియడం, బ్యాంకు వాడికి చూపించడానికి ఒక కాగితం ఉండటం ఏ రైతుకైనా చిన్న విషయం కాదు.

అయితే ఆ భద్రత ఎంతవరకు? అదే 2020లో ఉత్తర అమెరికాలో ప్రాసెసింగ్ కంపెనీలు రాబోయే పంటకు కాంట్రాక్టు ఎకరాలు తగ్గించేశాయి. అప్పటికే విత్తన దుంప కొని, పొలం దున్ని పెట్టుకున్నవాళ్లున్నారు. ఐడహోలో ఒక రైతు దుంపల్ని కొండలా కుప్పపోసి, ఎవరికి కావాలంటే వాళ్లు ఊరికే పట్టుకెళ్లండని చెప్పాడు. 2024 అక్టోబరులో లాంబ్ వెస్టన్ గిరాకీ తగ్గిందని వాషింగ్టన్ రాష్ట్రంలోని కానెల్ ప్లాంటును మూసేసింది. ఫ్యాక్టరీ కోసం కొన్న యంత్రాలు, కట్టిన గోదాములు, పెంచిన రకం అన్నీ ఆ చుట్టుపక్కల రైతుల దగ్గరే మిగిలాయి. కాంట్రాక్టు ఏడాదిది. అప్పు పదేళ్లది.

2021లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో జరిగింది ఇంకా కళ్లు తెరిపిస్తుంది. రెండు పొలాల్లో దుంప మీద బుడిపెలు తెచ్చే తెగులు కనిపించింది. మనుషులకు హాని లేదు, నేలలో మాత్రం దశాబ్దాలు ఉండిపోతుంది. నవంబరులో అక్కడి నుంచి అమెరికాకు తాజా దుంపల ఎగుమతిని కెనడాయే ఆపేసింది. ఫ్రోజెన్ ఫ్రైస్‌కు ఆ నిషేధం వర్తించలేదు, ఎందుకంటే ఉడికి, వేగి, గడ్డకట్టిన పుల్లతో తెగులు వ్యాపించదు. అదే దీవి దుంప, పుల్లగా మారితే సరిహద్దు దాటుతుంది, దుంపగా ఉంటే దాటదు. సుమారు 30 కోట్ల పౌండ్ల దుంపల్ని నాశనం చేయాల్సి వచ్చింది. మంచు తొలగించే యంత్రాలతో వాటిని నుజ్జు చేసి పొలాల్లో చల్లారు. మరుసటి ఏప్రిల్‌కు గానీ తాజా దుంప మళ్లీ అమెరికా గడప తొక్కలేదు. ఇందులో ఫ్యాక్టరీ తప్పేమీ లేదు. కానీ ఆ శీతాకాలం తర్వాత ఏ రైతైనా కాంట్రాక్టు మీద ఏం బేరమాడతాడు? ఇచ్చిన కాగితం మీద సంతకం పెడతాడు.

ఆ కాగితం ఇచ్చేవాళ్లు ఎందరో లేరు. ఉత్తర అమెరికాలో లెక్కించదగ్గవి నాలుగే. మెకెయిన్, లాంబ్ వెస్టన్, సింప్లాట్, కావెండిష్ ఫార్మ్స్. నాలుగోది కెనడాలోని ఇర్వింగ్ అనే వ్యాపార కుటుంబానిది. హ్యారిసన్ మెకెయిన్ సొంత వ్యాపారం పెట్టకముందు ఉద్యోగం చేసింది ఆ ఇర్వింగ్‌ల దగ్గరే, ప్రపంచం ఎంత చిన్నదో చూడండి. ఈ నలుగురూ కలిసి ధరలు పెంచుకున్నారని 2024 నవంబరులో అమెరికాలో దావాలు పడ్డాయి. అక్కడి ఫ్రోజెన్ దుంపల మార్కెట్‌లో 97 శాతం వీళ్ల చేతుల్లోనే ఉందని దావా వేసినవాళ్లు అంటున్నారు. కంపెనీలు ఆరోపణల్ని ఖండించాయి. కుమ్మక్కు నిజమో కాదో కోర్టు తేల్చాలి, నేను తేల్చలేను. ఆ దావాలు కూడా హోటళ్లు, దుకాణాలు, తినేవాళ్లు కట్టే ధర గురించే. అవే నాలుగు కంపెనీలు అవతలి వైపు రైతుల దగ్గర కొనేవాళ్లు కూడా అన్న సంగతి వార్తల్లో ఎక్కడో కింద ఒక వాక్యంగా వచ్చింది. నిజానికి కుమ్మక్కు అక్కర్లేదు. లారీ వెళ్లగలిగినంత దూరంలో ఒకే ప్లాంటు ఉంటే ఆ రైతుకు నాలుగు కంపెనీలు కాదు, ఒకటే.

ఇలా అంటే వెంటనే వచ్చే సమాధానం, ఇష్టం లేకపోతే ఆ రకం పెట్టడం మానేయొచ్చు కదా అని. మానేయొచ్చు. కానీ ఫ్రైస్ కోసం పెంచిన పొడుగు దుంపకు కూర వండుకునేవాళ్ల దగ్గర అంత గిరాకీ ఉండదు. దాని కోసం కట్టిన గోదాములో ఇంకోటి పెట్టలేరు. తప్పుకునే దారి ఉందని చెప్పడం సులువు, తప్పుకోవడానికి ఎంతవుతుందో చెప్పరు.

మెకెయిన్ 2030 నాటికి తన దుంపలు పండే ప్రతి ఎకరంలోనూ నేలను బాగుచేసే సాగు పద్ధతులు తెస్తామని 2021లో ప్రకటించింది. ఫ్లోరెన్స్‌విల్‌లో ఒక ప్రయోగ క్షేత్రం పెట్టింది, దక్షిణాఫ్రికాలో మరొకటి. పంట పంటకూ మధ్య నేల కప్పి ఉంచడం, దుక్కి తగ్గించడం, పంట మార్చడం మంచి పనులే. దుంప పంట నేలను ఎంతగా పీల్చేస్తుందో తెలిసినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసిపారేయరు. కానీ దుంప పెట్టని ఏడాది ఆ పొలం ఫ్యాక్టరీకి ఏమీ ఇవ్వదు, రైతు అప్పు వడ్డీ మాత్రం ఆగదు. నేల బాగుపడే దాకా నష్టం ఎవరు భరిస్తారో కాంట్రాక్టులో రాసినప్పుడు ఆ ప్రకటనకు నేను చప్పట్లు కొడతాను.

నేను అడిగేవి పెద్ద గొంతెమ్మ కోరికలు కావు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1973 నుంచి ఒక చట్టం ఉంది. అర్హత ఉన్న రైతు సంఘం బేరానికి పిలిస్తే ప్రాసెసింగ్ కంపెనీ కూర్చుని మాట్లాడి తీరాలి, సంఘంలో ఉన్నందుకు రైతును పక్కన పెట్టడానికి వీల్లేదు. మెయిన్‌లోని ఈస్టన్ ప్లాంటుకు దుంపలు పంపే రైతుల తరఫున సంఘం మెకెయిన్‌తో ఏటా ధర మాట్లాడుతుంది. దాని వల్ల కంపెనీ మూతపడలేదు, ఫ్రైస్ కరవు రాలేదు. మిషిగన్‌లో ఇంకాస్త ముందుకెళ్లి, ఒక సంఘం కుదిర్చిన ధరే అందరికీ వర్తిస్తుందని చట్టం చేస్తే, సంఘంలో చేరని రైతు హక్కుకు అడ్డమని 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. అంటే ఎంతవరకు వెళ్లొచ్చో కూడా తేలిపోయింది, ఆ హద్దు లోపల చేయగలిగినవే చాలా ఉన్నాయి. అయినా చాలా చోట్ల ఈ మాత్రం కూడా చేయరు.

గేటు దగ్గర బుట్ట సంగతి ఇంతకంటే సులువు. శాంపిల్ తీసేవాడు, తూచేవాడు కంపెనీ మనిషి కాకుండా మూడో పక్షం మనిషి కావాలి. అదే లోడు నుంచి ఇంకో బుట్ట తీసి సీలు వేసి పక్కన పెట్టాలి, కోత మీద రైతు అభ్యంతరం చెబితే దాన్ని తెరిచి మళ్లీ తూచాలి. వేయించిన పుల్లల ఫోటో, రంగు అంకె, నీళ్లలో తూకం అన్నీ ఆ రోజే రైతు ఫోనుకు రావాలి. పుల్ల మీద చిటికెన వేలి గోరంత మచ్చను కెమెరాతో పట్టి గాలి ఊది పడేయగల కంపెనీలకు, తరుగు లెక్క ఒక మెసేజ్‌లో పంపడం చేతకాదంటే నేను నమ్మను.